పుట్టిన వరస, బతికిన వరస: మ్యూజియంలో పాత వస్త్రాన్ని చదవడం

(స్మారక ఉపన్యాస పాఠం)



ఈ ఉపన్యాసం ఎవరి స్మృతిలో జరుగుతోందో ఆ మాస్టారు తన ఉద్యోగ జీవితమంతా మ్యూజియంలో పాత గుడ్డల మధ్యే గడిపారు. ఆయన దగ్గర పని నేర్చుకున్నవాళ్ళం ఈ సభలో చాలామందిమి ఉన్నాం. గుడ్డను బల్ల మీద పరిస్తే మాకందరికీ ముందు నోటికొచ్చే ప్రశ్న, "ఇది ఏ కాలానిది?" అని. మాస్టారు అడిగేది వేరు. "దీని మీద ముందు ఏ పని జరిగింది? ఆ తర్వాత ఏది?" అనేవారు. కాలం, ఊరు, తొడిగినవాళ్ళు, కట్టినవాళ్ళు అన్నీ ఆ ప్రశ్న వెనకే వస్తాయని ఆయన నమ్మకం. ఇవాళ నేను చెప్పబోయేదంతా ఆ ఒక్క ప్రశ్నకు విస్తరణ.

ప్రతి పాత వస్త్రంలోనూ రెండు వరసలుంటాయి. నూలు, నేత, రంగు, కుట్టు ఒకదాని తర్వాత ఒకటి జరిగిన వరస మొదటిది. దాన్ని పుట్టిన వరస అందాం. ఆ వస్త్రం ఎవరి చేతుల్లోంచి ఎవరి చేతుల్లోకి వెళ్ళింది, ఎలా కట్టారు, ఎక్కడ చిరిగింది, ఎప్పుడు విప్పి మళ్ళీ కుట్టారు అన్నది రెండోది. అది బతికిన వరస. ఈ రెండింటినీ విడివిడిగా చదివి, చదివినంత వరకే చీటీ మీద రాయడం మా వృత్తికి ప్రాణం. ఉదాహరణకు మన తీరపు అద్దకం గుడ్డల్నే తీసుకుంటాను. మచిలీపట్నం, నిజాంపట్నం పరిసరాల్లో పుట్టి లోకమంతా తిరిగిన గుడ్డలవి.

చీటీ మీద ఉన్నది, లేనిది

లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం, న్యూయార్క్‌లోని మెట్రొపాలిటన్ మ్యూజియం, టొరంటోలోని రాయల్ ఒంటారియో మ్యూజియం, అహ్మదాబాద్‌లోని కాలికో మ్యూజియం, హైదరాబాద్‌లోని జగదీష్ అండ్ కమలా మిట్టల్ మ్యూజియం. వీటిలో ఎక్కడికి వెళ్ళినా మన కలంకారీ కనిపిస్తుంది. కింద చీటీ మీద చాలాసార్లు "కోరమాండల్ తీరం, నూలు, చేతితో వేసిన అద్దకం" అని ఉంటుంది. అందులో అబద్ధమేమీ లేదు. కానీ కోరమాండల్ తీరం అంటే గోదావరి ముఖద్వారాల దగ్గర నుంచి నాగపట్నం దాటి వెళ్ళే పొడవాటి తీరం. ఆ తీరంలో ఏ ఊరివాళ్ళు చేశారో, ఎవరికోసం చేశారో ఆ చీటీ చెప్పదు.

మచిలీపట్నంలో డచ్చివాళ్ళు 17వ శతాబ్దం తొలి దశకంలోనే వర్తకశాల పెట్టారు. 1611లో ఇంగ్లీషువాళ్ళు వచ్చారు. పెటపోలి అని పాత కాగితాల్లో కనిపించే రేవు నేటి నిజాంపట్నం. ఈ రేవుల నుంచి అద్దకం గుడ్డలు పర్షియాకు వెళ్ళాయి, ఇండొనీషియా దీవులకు వెళ్ళాయి, అక్కణ్నుంచి జపాన్ దాకా పోయాయి. తర్వాత ఐరోపాను ఊపేశాయి. ఉత్తరాదిన మొగలు దర్బారులో చక్రవర్తి గుడారానికి లోపలివైపు మచిలీపట్నం అద్దకాలు కట్టారని, వాటి మీది పువ్వులు నిజమైన తోటలా ఉన్నాయని ఫ్రెంచి యాత్రికుడు బెర్నియే రాశాడు.

ఇంత గుడ్డ తయారైన నేల మీద పాత గుడ్డ మాత్రం చాలా తక్కువ మిగిలింది. తేమ, చెద, ఎండ సగం కారణం. మిగతా సగం మన వాడుక. పాత చీర బొంతవుతుంది, బొంత పోయాక మసిగుడ్డవుతుంది. గుడ్డను చివరి పోగు దాకా వాడుకోవడం మన ఇళ్ళల్లో మర్యాద, పొదుపు. అందుకే పరాయి దేశాల పెట్టెల్లో మిగిలిన ముక్కలే మన చరిత్రకు సాక్ష్యాలయ్యాయి. ఆ సాక్ష్యాన్ని చదివే బాధ్యత వాటిని దాచినవాళ్ళకు ఎంతుందో, ఆ పని తెలిసిన మనకూ అంతే ఉంది.

నూలు దగ్గర మొదలుపెట్టాలి

రంగు, బొమ్మ కంటిని లాగుతాయి. చదవడం మాత్రం నూలు దగ్గర మొదలవ్వాలి. భూతద్దం కింద పోగుకు పురి ఎటువైపు ఉందో చూస్తాం. జెడ్ అక్షరం నడిమి గీతలా వాలితే ఒకటి, ఎస్ అక్షరంలా వాలితే మరొకటి. మన దేశపు చేతి నూలు మామూలుగా జెడ్ వైపు ఉంటుంది. పాత ఈజిప్టు నారబట్టల నూలు ఎక్కువగా ఎస్ వైపు ఉంటుంది. ఈజిప్టులోని ఫుస్తాత్ దిబ్బల్లోనూ ఆ చుట్టుపక్కలా దొరికిన వందల అచ్చుగుడ్డల్ని గుజరాత్ వైపు నుంచి వెళ్ళినవిగా గుర్తించడంలో నూలు, రంగు, బొమ్మ మూడూ కలిసి సాక్ష్యం చెప్పాయి. ఆక్స్‌ఫర్డ్‌లోని ఆష్మోలియన్ మ్యూజియంలో న్యూబెరీ సేకరణగా ఉన్న అలాంటి ముక్కలు వెయ్యికి పైనే. రూత్ బార్న్స్ వాటిని ఒక్కొక్కటిగా పరిశీలించి జాబితా చేశారు.

సూక్ష్మదర్శినిలో పత్తి పోగు మెలితిరిగిన రిబ్బనులా కనిపిస్తుంది. ఉన్ని మీద పొలుసులుంటాయి. అవిసె నారకు మధ్యమధ్య కణుపులుంటాయి. పట్టు నున్నగా ఉంటుంది. కాల్చి వాసన చూసే పద్ధతి బజారులో పనికొస్తుంది. మ్యూజియం గుడ్డ మీద దాన్ని ఎప్పుడూ చేయకూడదు. సహజంగా రాలిన ఒక్క నలుసు చాలు, దాన్నే పరీక్షకు వాడాలి.

ఆ తర్వాత అంగుళానికి పడుగు పోగులెన్ని, పేక పోగులెన్ని అని లెక్కపెడతాం. అంచు చెదరకుండా ఉంటే మగ్గం మీద ఆ గుడ్డ వెడల్పు ఎంతో తెలుస్తుంది. పోగు లావు అడుగడుగునా కొంచెం మారుతుంటే అది చేతి వడుకు. మొదటి నుంచి చివరి దాకా ఒకే తీరుగా ఉంటే మరనూలు అని అనుమానించాలి. ఇంగ్లండు మరనూలు మన దేశానికి పెద్ద ఎత్తున దిగడం 19వ శతాబ్దం మొదటి సగంలో మొదలైంది. కాబట్టి మరనూలుతో నేసిన గుడ్డకు 18వ శతాబ్దం చీటీ అతికించలేం. ఇక్కడ పొందూరు మాట చెప్పాలి. వాలుగ చేప దవడతో పత్తిని ఏకి, చేత్తో వడికే పని శ్రీకాకుళం జిల్లాలో ఇంకా ఉంది. సన్న నూలు చేతితో వచ్చేదాకా దాని వెనక ఎన్ని పనులున్నాయో అక్కడి స్త్రీల దగ్గర కూర్చుంటే తెలుస్తుంది. అది చూసిన కన్ను మ్యూజియం బల్ల మీది సన్నగుడ్డను చూసే తీరే మారిపోతుంది.

పెద్ద పరుపు దుప్పట్లలో మరో సాక్ష్యం ఉంటుంది. ఒక మగ్గం వెడల్పు చాలక రెండు మూడు వెడల్పులు కలిపి కుడతారు. చెట్టుకొమ్మ ఆ కుట్టును దాటి వెళ్తున్నచోట కాస్త ఆగాలి. కుట్టు లోపలి మడతలోకి గీత సాగి ఉంటే ముందు కుట్టి తర్వాత బొమ్మ వేశారు. గీత కుట్టు దగ్గర తెగి, అవతల కొంచెం పక్కకు జరిగి మొదలైతే రెండు ముక్కల్నీ తర్వాత ఎవరో కలిపారు. ఈ ఒక్క పరీక్షతో గుడ్డ మొదట ఎంత పెద్దదో అంచనా కట్టవచ్చు.

అద్దకం వరస

మన అద్దకంలో కలంతో పెట్టేది చాలామటుకు రంగు కాదు, రంగును పట్టి ఉంచే ద్రవం. అసలు రంగు తర్వాత, మరిగే కాగులో పుడుతుంది. ఈ సంగతి తెలియకుండా కలంకారీని చదవలేం.

చలువ చేసిన గుడ్డను కరక్కాయ రసం, గేదెపాలు కలిపి అందులో ముంచి ఆరబెడతారు. కరక్కాయలోని వగరు ఇనుపనీటిని పట్టి నలుపు చేస్తుంది. పాలలోని వెన్న గీత పాకిపోకుండా ఆపుతుంది. బొమ్మ గీసిన కాగితానికి సూదితో చిల్లులు పొడిచి బొగ్గుపొడి అద్దితే గుడ్డ మీద చుక్కలు పడతాయి. బెల్లం నీళ్ళలో ఇనుప ముక్కలు ఊరబెట్టి పులియబెట్టిన ద్రవంతో నల్ల గీతలు వేస్తారు. ఎరుపు రావలసిన గీతల చోట పటికనీరు పెడతారు. ఆ తర్వాత చిరివేరు కాగులో మరిగిస్తే పటిక ఉన్నచోట ఎరుపు పట్టుకుంటుంది. పటిక లేనిచోట అంటిన మరకను పేడనీళ్ళు, పారే నీరు, ఎండ కలిసి వదలగొడతాయి. నీలం వంతు వచ్చినప్పుడు నీలం, ఆకుపచ్చ రావలసిన చోట్లు వదిలి మిగతాదంతా మైనంతో కప్పి నీలిమందు తొట్టిలో ముంచుతారు. మైనం తీశాక పూరేకుల్లో సన్నని తెల్లగీతలు కావాలంటే మళ్ళీ మైనంతో గీసి, మళ్ళీ పటిక పెట్టి, మళ్ళీ చిరివేరులో మరిగిస్తారు. చిట్టచివర పసుపురంగు కలంతో పెడతారు. నీలం మీద ఆ పసుపు పడ్డచోట ఆకుపచ్చ వస్తుంది.

ఈ వరస మనకు ఇంత వివరంగా తెలియడానికి కారణం అద్దకం పని ఆగకపోవడం, దాన్ని కొందరు రాసి పెట్టడం. ఫ్రెంచి నౌకాధికారి ఆంత్వాన్ ద బోల్యూ 1734 ప్రాంతంలో పుదుచ్చేరిలో అద్దకం జరుగుతుంటే దగ్గర కూర్చుని, ఒక్కో దశ ముగియగానే ఒక్కో ముక్క కత్తిరించి, తన రాతతో పాటు భద్రపరిచాడు. ఆ రాతప్రతి, ఆ ముక్కలు ఇవాళ్టికీ పారిస్‌లోని జాతీయ ప్రకృతి చరిత్ర మ్యూజియంలో ఉన్నాయి. 1742లో జెసూట్ మతగురువు కేర్దూ తనకు తెలిసిన అద్దకంవాళ్ళను అడిగి పని మొత్తం ఉత్తరంలో రాశాడు. ఆయన తెలుగు నేర్చినవాడు, తెలుగు నిఘంటువు కూర్చినవాడు. సామర్లకోటలో పనిచేసిన విలియం రాక్స్‌బరో 1795లో వెలువడిన తన కోరమాండల్ మొక్కల గ్రంథంలో చిరివేరు మొక్కను బొమ్మతో సహా పరిచయం చేసి, దానితో రంగువేసే తీరు వివరించాడు. మన కాలంలో లోతికా వరదరాజన్ దక్షిణాది కలంకారీ పద్ధతుల్ని పనివాళ్ళ దగ్గరే కూర్చుని నమోదు చేశారు.

ఈ వరస మనసులో పెట్టుకుని ఒక పాత పరుపు దుప్పటిని దగ్గరగా చూద్దాం. మొదట కనిపించే వింత నీలిరంగు ఆకులు. చెట్టు కాండం ఎర్రగా, పువ్వులు ఎర్రగా, ఆకులు మాత్రం నీలంగా ఉంటాయి. అద్దకందారు ఊహ అలా సాగిందని వర్ణించినవాళ్ళున్నారు. నిజానికి అవి ఆకుపచ్చ ఆకులే. చివర పెట్టిన పసుపురంగు వెలుతురుకు తట్టుకోదు. అది ఎగిరిపోయింది, అడుగున ఉన్న నీలిమందు నిలబడింది. దుప్పటి అంచు మడతలో వెలుతురు తగలనిచోట కుట్టు కాస్త తెరిచి చూస్తే ఆకుపచ్చ ఇంకా మిగిలి ఉండవచ్చు. చూడాలన్న ఆలోచన రావాలంటే పసుపు చివర పడిందని తెలిసి ఉండాలి.

రెండో వింత నల్లగీతలు. ఎర్రగీత ఉన్నచోట గుడ్డ గట్టిగా ఉంటుంది. నల్లగీత ఉన్నచోట పోగులు తెగి, గీత పొడవునా సన్నని చీలిక కనిపిస్తుంది. అది పురుగు తిన్నది కాదు, కోసింది కాదు. ఇనుము, కరక్కాయ వగరు కలిసిన నలుపు ఏళ్ళు గడిచేకొద్దీ పత్తి పోగును లోపలి నుంచి తినేస్తుంది. కొన్ని గుడ్డల్లో మనిషి ముఖం ఉన్నచోట కళ్ళు, ముక్కు, మీసం గీతలు రాలిపోయి ఉత్త రంగు మిగులుతుంది. అక్కడ గీత లేకపోవడమే ఇనుపనీరు వాడారనడానికి సాక్ష్యం.

మూడోది, పువ్వుల లోపలి తెల్లగీతలు. వాటి అంచులు మెత్తగా, అక్కడక్కడ సన్నని పగుళ్ళతో ఉంటే మైనం వాడినట్టు. నాలుగోది, ఒకే పువ్వు తిరిగి వచ్చినప్పుడల్లా గీత కొంచెం మారుతోందా, అచ్చంగా అలాగే ఉందా అన్నది. మారుతుంటే కలం. ఒకే లోపం ఒకేచోట మళ్ళీ మళ్ళీ వస్తుంటే చెక్క అచ్చు. ఒకే గుడ్డ మీద కలం, అచ్చు రెండూ కలిసి ఉండటం అరుదేమీ కాదు. ఇవాళ పెడనలో అచ్చుల పని, శ్రీకాళహస్తిలో కలం పని సాగుతున్నాయి. ఆ రెండు చోట్లా పనివాళ్ళు పై నాలుగు గుర్తుల్నీ ఒక్క చూపులో చెప్పేస్తారు.

రంగు చెప్పే కాలం

కన్ను చెప్పలేని చోట రసాయన పరీక్ష సాయపడుతుంది. నలుసంత పోగులోంచి రంగును విడదీసి, అందులోని పదార్థాలను వేరుచేసి చూస్తారు. చిరివేరు ఎరుపులో ముఖ్యమైనది అలిజారిన్. మంజిష్ఠ ఎరుపులో పర్ప్యురిన్ పాలు ఎక్కువ. కంటికి ఒకేలా కనిపించే రెండు ఎరుపులు ఇలా విడిపోతాయి. కృష్ణా ముఖద్వారం దగ్గరి సున్నపు పాలున్న ఇసుక నేలల చిరివేరుకు 17వ శతాబ్దంలోనే పేరుండేది. ఆ పేరు వెనక నేల, నీరు, వేరు మూడూ ఉన్నాయి.

రంగుల్లో కొన్ని తారీఖులు మేకుల్లా దిగి ఉంటాయి. 1856లో పెర్కిన్ మొదటి కృత్రిమ ఊదారంగు తయారుచేశాడు. 1868లో గ్రేబె, లీబర్‌మన్ అలిజారిన్‌ను ప్రయోగశాలలో తయారుచేశారు. 1897లో కృత్రిమ నీలిమందు జర్మనీ నుంచి అంగడికి వచ్చింది. గుడ్డలో ఈ కృత్రిమ రంగుల్లో ఏది దొరికినా ఆ రంగువేసిన పని ఆ తారీఖు తర్వాతిదే. తిరగేసి అనలేం. సహజమైన రంగు దొరికినంత మాత్రాన గుడ్డ 1856కి ముందుది కాదు. పాత పద్ధతిలో పనిచేసేవాళ్ళు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు.

చీరాల తేలియా రుమాలు ఇందుకు మంచి పాఠం. నూలును నూనె, బూడిదనీళ్ళతో రోజుల తరబడి మర్దించి, కట్టుకట్టి, ఎరుపు నలుపు రంగులద్ది నేసిన ఆ రుమాళ్ళు అరబ్బు దేశాలకు, ఆఫ్రికా తీరానికి వెళ్ళాయి. చిరివేరు స్థానంలోకి కృత్రిమ అలిజారిన్ వచ్చాక కూడా పని తీరు, నూనె పట్టించే పద్ధతి అలాగే సాగాయి. అలాంటి రుమాలు పరీక్షలో కృత్రిమ రంగు బయటపడితే దాన్ని నకిలీ అనడం అన్యాయం. అది అసలైన తేలియా రుమాలే. పనివాళ్ళు తమ కాలపు సరుకును తమ పద్ధతిలోకి తెచ్చుకున్నారు. ఆ సంగతినే చీటీ మీద రాయాలి.

బతికిన వరస

ఇప్పుడు గుడ్డను తిరగేద్దాం. వెనకవైపే దాని ప్రయాణం ఎక్కువగా కనిపిస్తుంది. ఒక మూల డచ్చి ఈస్టిండియా కంపెనీ మూడక్షరాల ముద్ర ఉంటుంది. మరోదాని మీద ఇంగ్లీషు కంపెనీ ముద్ర. ఇండొనీషియాలో సులావేసి దీవిలోని తొరాజా ప్రజలు మన దేశపు అద్దకం గుడ్డల్ని తరతరాలుగా పవిత్ర వస్తువులుగా దాచుకున్నారు. జపాన్‌లో మన గుడ్డ పేరు సరసా. హికోనె ప్రభువుల ఇంట చిన్నచిన్న సరసా ముక్కల్ని నమూనాలుగా కూర్చి పెట్టుకున్నారు. దాదాపు 450 ముక్కల ఆ సేకరణ ఇప్పుడు టోక్యో జాతీయ మ్యూజియంలో ఉంది. ఒక్క జానెడు గుడ్డకు అక్కడ దక్కిన గౌరవం కూడా ఆ గుడ్డ చరిత్రలో భాగమే.

17వ శతాబ్దపు గోల్కొండ రుమాళ్ళ సంగతి మరీ ఆసక్తికరం. పళ్ళేలను కప్పే ఈ చదరపు గుడ్డల మీద తోటలు, దొరసానులు, వేటగాళ్ళు, పాన్పుల మీద కూర్చున్న జంటలు అంగుళం వదలకుండా నిండి ఉంటారు. కొన్ని మెట్రొపాలిటన్‌లోనూ, విక్టోరియా అండ్ ఆల్బర్ట్‌లోనూ ఉన్నాయి. ఈ కోవకు చెందిన గుడ్డలు కొన్నింటి వెనక రాజస్థాన్‌లోని అంబర్ రాజుల తోషఖానా లెక్కగాళ్ళు రాసిన గుర్తులున్నాయి. గుడ్డ ఎప్పుడు ఖజానాలో చేరింది, కొలత ఎంత, వెల ఎంత అన్నవి అందులో ఉంటాయి. ముందువైపు బొమ్మను చూసి శైలి మీద వాదించుకునే పండితులకు వెనకవైపు ఒక గుమాస్తా రాసిన పొడి లెక్క గట్టి ఆధారమైంది. ఆ గుర్తు గుడ్డ పుట్టిన తారీఖు కాదు, అప్పటికే అది ఉందని చెప్పే తారీఖు. రెంటినీ కలిపేస్తే పప్పులో కాలేసినట్టే.

ఐరోపాలో మన అద్దకాల మోజు ఎంత పెరిగిందంటే అక్కడి నేతగాళ్ళను కాపాడటానికి రాజ్యాలు చట్టాలు చేశాయి. ఫ్రాన్స్ 1686 నుంచి 1759 దాకా నిషేధించింది. ఇంగ్లండు 1700, 1721లలో చట్టాలు తెచ్చింది. లండన్ నటుడు డేవిడ్ గారిక్ భార్యకు కానుకగా వచ్చిన మంచం తెరల్ని సుంకం అధికారులు పట్టుకోవడం, వాటిని విడిపించుకోవడానికి 1775లో గారిక్ ఉత్తరం రాయడం ప్రసిద్ధమైన కథ. ఆ మంచం ఇవాళ విక్టోరియా అండ్ ఆల్బర్ట్‌లో ఉంది. కాగితం ఆధారమున్న అలాంటి గుడ్డ ఒకటి దొరికితే, ఆధారం లేని పది గుడ్డల్ని దాని పక్కన పెట్టి పోల్చుకోవచ్చు. జాన్ ఇర్విన్, కాథరిన్ బ్రెట్ 1970లో చేసిన వర్గీకరణ, తర్వాత రోజ్‌మరీ క్రిల్ దాన్ని సరిదిద్దుతూ చేసిన పని ఇలాంటి ఆధారాల మీదే నిలబడ్డాయి.

నెదర్లాండ్స్‌లోని హిండలోపెన్ పట్టణంలో స్త్రీలు మన అద్దకంతో పొడవాటి పైకోట్లు కుట్టించుకునేవారు. మంచి రోజులకు ఎరుపు పువ్వులవి, పెద్దలు పోయినప్పుడు నీలం తెలుపు గుడ్డవి. తీరంలో నీలి తొట్టిలో గుడ్డ ముంచిన మనిషికి అది ఎక్కడో ఒక ఇంట సంతాప వస్త్రమవుతుందని తెలిసే వీలు లేదు. అందుకే పుట్టిన వరసలోని అర్థాన్ని, బతికిన వరసలోని అర్థాన్ని వేరువేరుగా రాయమంటాను.

కుట్టిన దుస్తుల్లో సూది రంధ్రాలు, పాత మడత గుర్తులు, కుట్టు లోపల వెలవని రంగు, నడుము వదులు చేసిన ఆనవాళ్ళు చదవాలి. ఒక గౌనులో పువ్వు తలకిందులుగా ఉంటే కుట్టినవాళ్ళ అజాగ్రత్త అనుకునే ముందు, అది మంచం తెరను విప్పి కుట్టిన గౌనేమో చూడాలి. కుట్టని వస్త్రాలకు ఈ పని ఇంకా కష్టం. ఆరు గజాల చీరను మడతపెట్టి బీరువాలో పెడితే అది ఎలా కట్టారో చెప్పే ఆనవాళ్ళు చాలా తక్కువ. కింది అంచు ఎక్కడ అరిగింది, కుచ్చెళ్ళు పోసినచోట మడత ఎక్కడ నలిగింది, పైట భుజం మీద ఆనినచోట రంగు ఎంత వెలిసింది, గోచీ పోసి కట్టేదైతే ఏ భాగం సాగింది అన్నవి చూడాలి. చాకిరేవుకు వేసి, గంజిపెట్టి, ఇస్త్రీ చేసి మ్యూజియానికి ఇస్తే ఆ ఆనవాళ్ళన్నీ పోతాయి.

1866లో ఫోర్బ్స్ వాట్సన్ భారతదేశపు వస్త్రాల నమూనాలను 18 సంపుటాలుగా కూర్చాడు. 700 నమూనాలు, అలాంటివి 20 ప్రతులు. 13 ప్రతులు బ్రిటన్‌లో పంచారు, 7 భారతదేశానికి పంపారు. మన నేతను చూసి ఇంగ్లండు మరలు దానికి సాటి సరుకు తయారుచేసుకోవాలన్నది దాని ఉద్దేశం. ఆ సంపుటాల్లో ఊరి పేరు, కొలత, బరువు, ఎవరు ఏ విధంగా కట్టేవారు అన్న వివరం ఉండటంతో ఇవాళ మనకు అవి అమూల్యమైన ఆధారం. ఆ ఆధారం కోసం నిండు చీరలు, ధోవతులు, తలపాగాలు కత్తెరకు బలయ్యాయి. ఈ రెండు నిజాల్నీ పక్కపక్కన పెట్టుకునే వాటిని చదవాలి.

బొమ్మల సాక్ష్యం ఎంతవరకు?

గుడ్డ మిగలనిచోట బొమ్మల్ని ఆశ్రయిస్తాం. లేపాక్షి వీరభద్రాలయం పైకప్పు చిత్రాలు 16వ శతాబ్దపు మన వస్త్రాలకు పెద్ద భాండాగారం. చారలు, గళ్ళు, పువ్వులు, కొంగులు, అంచులు ఎన్ని రకాలో అక్కడ తల ఎత్తి చూసినవారికి తెలుసు. ఆ గుడి కట్టించిన విరూపణ్ణ, వీరణ్ణల వెంట ఉన్న పురుషులు పొడవాటి టోపీలు, తెల్లని అంగీలు తొడిగి ఉంటారు. ఆ టోపీ కుళ్ళాయి, ఆ అంగీ కబాయి. ఇస్లామీ దేశాల దర్బారు వేషాన్ని విజయనగర రాజులు తమదిగా చేసుకున్న తీరును ఫిలిప్ వాగనర్ 1996లో ఒక వ్యాసంలో వివరించారు.

తిరుమల ఆలయంలో శ్రీకృష్ణదేవరాయలు, తిరుమలదేవి, చిన్నదేవి రాగి విగ్రహాలు చూడండి. రాయల తల మీద కుళ్ళాయి ఉంది, ఒంటి మీద కబాయి లేదు. దేవుడి ఎదుట పైభాగం వివస్త్రంగా చేతులు జోడించి నిలబడ్డాడు. ఒకే రాజుకు దర్బారులో ఒక వేషం, గుడిలో ఒక వేషం. కాబట్టి ఒక్క విగ్రహం చూసి "ఆ కాలంలో రాజులు ఇలా ఉండేవారు" అని చీటీ రాయడం తొందరపాటు. చిత్రకారుడికీ కొన్ని ఆనవాయితీలుంటాయి. గుడ్డ మీది గళ్ళను నేతలో వచ్చినట్టే గీశాడా, చిత్రంలో ఇంపుగా ఉండేట్టు గీశాడా అన్నది ప్రతిసారీ అడగాలి.

న్యూయార్క్‌లోని బ్రూక్లిన్ మ్యూజియం 1914లో సంపాదించిన ఏడు ముక్కల తెర మరో ఉదాహరణ. 17వ శతాబ్దం మొదటి భాగానికి చెందిన ఆ తెరలో తోరణాల కింద ఎన్నో జాతుల మనుషులు, వాళ్ళలో ఐరోపావాళ్ళు కూడా ఉన్నారు. వాళ్ళ టోపీలు, మెడపట్టీల తీరు కాలం నిర్ణయించడానికి ఆసరా అయ్యాయి. ఎక్కడ తయారైందన్నదానిపై మాత్రం పండితుల్లో ఏకాభిప్రాయం లేదు. గోల్కొండ రాజ్యపు తీరం అన్నవారున్నారు, ఇంకా దక్షిణాన అన్నవారున్నారు. ఆ భేదాన్ని దాచకుండా చీటీ మీద రాసే మ్యూజియం మీద నాకు గౌరవం పెరుగుతుంది.

మనం చేయవలసింది

మొదటిది, చీటీ. ఊరు, కాలం రాసినప్పుడు అది ఎలా తెలిసిందో ఒక్క వాక్యం జతచేయాలి. "రంగు పరీక్ష వల్ల", "వెనకున్న ముద్ర వల్ల", "పోలిక వల్ల" అన్న మూడు మాటలు చూసేవారికి ఆ నిర్ణయం ఎంత గట్టిదో చెబుతాయి. తర్వాతి తరం దాన్ని సరిచేసుకోవడానికి దారి కూడా ఉంటుంది.

రెండోది, అద్దకం తెలిసినవాళ్ళకు మ్యూజియం బల్ల దగ్గర కుర్చీ వేయాలి. శ్రీకాళహస్తి, పెడన, చీరాల, పుట్టపాక, పొందూరుల నుంచి పనివాళ్ళను సన్మానానికి పిలుస్తున్నాం. గుర్తింపు పనికి పిలవాలి, వాళ్ళు చెప్పినదాన్ని వాళ్ళ పేరుతో నమోదు చేయాలి, ఆ పనికి తగిన ప్రతిఫలం ఇవ్వాలి. గుడి కలంకారీల మీద రామాయణ ఘట్టాల కింద తెలుగులో రాసిన చిన్న వాక్యాలు విదేశీ మ్యూజియాల్లోనూ ఉన్నాయి. వాటిని చదవగల తెలుగు విద్యార్థులు వేలమంది ఉన్నారు. ఆ లిపి తీరు, అక్షర దోషాలు, మాండలిక పదాలు కూడా ఊరిని, కాలాన్ని పట్టిస్తాయి. ఇది మనం మాత్రమే బాగా చేయగల పని.

మూడోది, మన ఇళ్ళల్లోని పెట్టెలు. నానమ్మ పెళ్ళిచీర, తాతగారి తలపాగా, గుడికిచ్చిన పాత తెర బయటపడితే ఉతకకండి, ఇస్త్రీ చేయకండి, అతికించకండి. నీడలో పరిచి ఫొటో తీయండి, వెనకవైపు కూడా తీయండి. ఎవరిది, ఎప్పుడు కట్టారు, ఎక్కడ కొన్నారు అన్నది ఇంట్లో పెద్దవాళ్ళు ఉండగానే రాసిపెట్టండి. పాత తెల్లటి మెత్తని నూలుగుడ్డలో, వీలైతే మడతపెట్టకుండా గుండ్రంగా చుట్టి దాచండి. మ్యూజియంలో మేము రంగు గుడ్డలకు 50 లక్సులకు మించని వెలుతురు పెడతాం. గది మసకగా ఉందని సందర్శకులు నొచ్చుకుంటారు. ఆ మసక వెలుతురు వల్లే ఆకుపచ్చలో మిగిలిన పసుపు ఇంకో తరం బతుకుతుంది.

చివరిగా ఈ ఉపన్యాసం జరిపిస్తున్న ధర్మనిధి ముందు, రెండు తెలుగు రాష్ట్రాల మ్యూజియాల ముందు ఒక కోరిక పెడుతున్నాను. బోల్యూ దాదాపు 290 ఏళ్ళ కిందట పుదుచ్చేరిలో చేసిన పనిని మనం మన భాషలో చేయాలి. చిరివేరు, నీలిమందు, కరక్కాయ, పటికలతో ఒక గుడ్డను మొదటి నుంచి చివరి దాకా చేయించి, ప్రతి దశలో ఒక ముక్క తీసి, పని చేసినవారి పేరుతో, వాళ్ళ మాటల్లోనే వివరం రాసి పెట్టాలి. కొన్ని ముక్కల్ని చీకట్లో, కొన్నింటిని వెలుతురులో ఉంచి ఏళ్ళ తరబడి రంగు మారే తీరు గమనించాలి. కలంకారీకి, తేలియా రుమాలుకు, పొందూరు నూలుకు, మంగళగిరి, గద్వాల, వెంకటగిరి నేతలకు ఇలాంటి నమూనా పెట్టెలు తయారై ప్రతి జిల్లా మ్యూజియంలో, ప్రతి విశ్వవిద్యాలయ చరిత్ర శాఖలో ఉండాలి. అప్పుడు పేరు తెలియని గుడ్డ ఒకటి బల్ల మీదికి వచ్చిన రోజున మన విద్యార్థి ఊహతో కాకుండా చేతిలోని ఆధారంతో దాన్ని పోల్చి చూడగలుగుతాడు. ఈ పనికి కావలసిన వేరు, నూలు, చెయ్యి ఇంకా మన మధ్యే ఉన్నాయి. వాటిలో ఏ ఒక్కటి పోకముందే దీన్ని మొదలుపెట్టాలని అందరినీ ప్రార్థిస్తున్నాను.